నీళ్ళు తాగని బ్యాటరీ

సూసన్న లెక్కలో బ్యాటరీ అంటే మూతలుండాలి. మూత తిప్పితే లోపల నీళ్ళు కనిపించాలి, ముక్కుకు ఆసిడ్ ఘాటు తగలాలి, ఛార్జి ఎక్కుతున్నప్పుడు చెవి దగ్గర పెడితే సన్నగా ఉడుకుతున్న చప్పుడు వినపడాలి. టోని తెచ్చిన దానికి ఇవేవీ లేవు. నున్నటి నల్ల పెట్టె, పైన రెండు కొనలు, పక్కన అంటించిన కాగితం. మరిది విల్‌ఫ్రెడ్ నడిపే చిన్న విమానంలోంచి పాతదాన్ని దింపడానికి అతనూ కొడుకు టోని ఇద్దరూ వంగవలసి వచ్చింది. దీన్ని టోని టిఫిను క్యారియరులా వేళ్ళకు తగిలించుకుని వచ్చాడు.

దాన్ని చూసి విల్‌ఫ్రెడ్ నవ్వాడు. పిల్లలాడుకునే కారులో పెట్టుకోరా అన్నాడు కొడుకుతో. టోనికి ఈ వెక్కిరింతలు కొత్త కాదు. హిజ్లీలో ఇంజనీరింగు కాలేజీ క్యాంపస్‌లో ఒక ప్రయోగశాలలో కాంట్రాక్టు మీద టెక్నీషియన్‌గా చేస్తున్నాడు. రోజంతా ఇలాంటి వాటితోనే పని. ఇది లిథియం బ్యాటరీ అనీ, విమానంలో ఎంత బరువు తగ్గితే అంత పెట్రోలు ఎక్కువ పోసుకోవచ్చనీ, షెడ్డు మీది సోలార్ పలక దీనికి కావలసినంత ఇచ్చి తానే ఆగిపోతుందనీ ఓపిగ్గా చెప్పాడు. తండ్రి వింటున్నట్టు కనిపించలేదు. చివరికి సూసన్నే కలగజేసుకుని, పిల్లాడు ముచ్చటపడి తెచ్చాడు, పెట్టనీయమంటే విల్‌ఫ్రెడ్ సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

అప్పుడు టోని ఆమె వైపు తిరిగి సంతోషంగా అన్నాడు.

"దీన్ని నువ్వు ముట్టుకోనక్కర్లేదు పెద్దమ్మా. నీళ్ళొద్దు, బూస్టొద్దు. దాన్నదే సూసుకుంటాది."

ఆమె తల ఊపింది. మంచి మాటే. కానీ ఒళ్ళో ఉన్న చంటిపిల్లను ఎవరో మెల్లగా ఎత్తుకుపోయినట్టయింది ఆమెకు.

సూసన్న భర్త దావీదు విల్‌ఫ్రెడ్‌కు అన్న. ఖరగ్‌పూర్ యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడు. ఒక వానరోజు పొద్దున డ్యూటీకి పోతూ గుమ్మంలోంచి ఎల్లొస్తానన్నాడు. ఆమె తడిసిన బొగ్గులతో వేగుతూ తల తిప్పకుండానే ఊఁ అంది. మధ్యాహ్నానికి, రెండు బండ్ల మధ్య నలిగిపోయాడని కబురొచ్చింది. ఆ ఊఁ ఆమెను వదల్లేదు. అప్పటినుంచి తెలిసినవాళ్ళెవరు ఊరు వదిలి వెళ్ళినా సూసన్న ప్లాట్‌ఫారం మీద ఉండవలసిందే. రైల్వే కాలనీల్లో అది మామూలు మర్యాదే. ఒక కుటుంబం క్వార్టరు ఖాళీ చేసి పోతుంటే వీధి వీధంతా స్టేషనుకు వస్తుంది, మూటలు ఎక్కిస్తుంది, బండి కదిలాక కిటికీ చువ్వలు పట్టుకుని కాస్త దూరం నడుస్తుంది. తక్కినవాళ్ళు వీలుంటే వచ్చేవారు. సూసన్న వీలు చూసుకునేది కాదు, చేతిలో ఏ పనున్నా వదిలేసి వచ్చేది.

భర్త పోయాక రైల్వే వాళ్ళు అతని పేరు మీద ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. ట్రెయిన్ లైటింగ్ సెక్షను. రైలు పెట్టెల కింద వేలాడే బ్యాటరీ బాక్సులు తెరిచి, సెల్లుల్లో డిస్టిల్ వాటర్ పోసి, ఛార్జి పెట్టి, మళ్ళీ మూసే పని. ఆమెకున్న చీరలన్నిటికీ ఆసిడ్ తిన్న చిల్లులే. పాత మేస్త్రీలు ఆమెకు నేర్పింది ఇది: ఛార్జి లేకుండా పడి ఉన్న బ్యాటరీ లోపల పలకలు తెల్లబడి చచ్చిపోతుంది, అప్పుడప్పుడు దానికి అవసరానికి మించి పెట్టి ఉడికించాలి, అప్పుడే సెల్లులన్నీ సమంగా బతుకుతాయి. ఆ ఉడికించడాన్నే బూస్టు అనేవారు. ఆమె చేతి మీదుగా వెళ్ళిన పెట్టెలో దీపం ఆరిపోయిందన్న మాట సర్వీసంతా రాలేదు.

విల్‌ఫ్రెడ్ ఇంజిను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అతని భార్య, టోని పాలు మరవకముందే కామెర్లతో పోయింది. పిల్లవాణ్ణి పెంచింది సూసన్నే. ఆమె రిటైరై న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో క్వార్టరు అప్పగించిన నాడు విల్‌ఫ్రెడ్ బ్యాటరీతో నడిచే టోటో రిక్షా పిలుచుకొచ్చి, ఆమె ట్రంకు పెట్టె తానే ఎత్తి తన ఇంటికి తీసుకుపోయాడు. వదినా, ఇది నీ ఇల్లే అన్నాడు. సూసన్నకు ఆ మాట పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. ఇల్లు మరిదిది. తాను పనికొచ్చినంతకాలమే అందులో తనకు చోటు అని లోపల ఒక భయం. వంట ఉండనే ఉంది, కానీ వంట ఎవరైనా చేస్తారు. ఎవరూ చెయ్యలేని పని ఆమెకు విమానం దగ్గర దొరికింది.

అది రెండు సీట్ల చిన్న విమానం. అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బిగించిన గుడ్డ రెక్కలు, ముందు ఒక పంఖా. విల్‌ఫ్రెడ్ సర్వీసులో ఉండగానే సెలవులు పెట్టి ఎగరడం నేర్చుకుని, రిటైరైనప్పుడు చేతికొచ్చినదంతా పోసి ఈ పాతదాన్ని కొన్నాడు. ఊరి బయట సాలువా అవతల పొలాల మధ్య యుద్ధకాలపు రన్‌వే ముక్క ఒకటి మిగిలి ఉంటే, దాని పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. దగ్గర్లోని ఎయిర్‌ఫోర్స్ స్థావరం వాళ్ళు ఎగరని ఆదివారం ఉదయాలే అతనికి అనుమతి. షెడ్డుకు కరెంటు లైను లేదు. అందుకని కప్పు మీద సోలార్ పలక, లోపల గోడకు సబ్బుపెట్టె అంత కంట్రోలరు, దాన్నుంచి విమానంలో సీటు వెనకున్న బ్యాటరీకి తీగ. సూసన్న శనివారం శనివారం టోటోలో వెళ్ళి మూతలు తిప్పి నీళ్ళు చూసి, కొనలు తుడిచి వచ్చేది. ఆదివారం ఇంజిను మీట నొక్కగానే అందుకుంటే విల్‌ఫ్రెడ్ సీటులోంచి ఆమె వైపు బొటనవేలు ఎత్తి చూపేవాడు. వారం గడవడానికి ఆమెకు అది చాలేది.

ఇప్పుడు మూతలు లేవు.

కంట్రోలరు మీద ఒక బొత్తం, ఒక దీపం ఉన్నాయి. పాత రకం బ్యాటరీకి దీపం పసుపు, లిథియానికి పచ్చ. బొత్తాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఒకటి రెండోదిగా మారుతుంది. టోని పచ్చకు పెట్టి వెళ్ళాడు. పచ్చ దీపంతో బ్యాటరీ త్వరగా నిండేది, నిండగానే కంట్రోలరు ఊరుకునేది. మిట్టమధ్యాహ్నం, రేకులు వేగిపోయే ఎండలో, అంత ఎండా వృథాగా పోతుంటే, బ్యాటరీకి చుక్క కూడా వెళ్ళకపోవడం సూసన్న చూడలేకపోయింది. టోని చదువుకున్నవాడే. కానీ వాడికి దీపాలు ఆరిపోయిన రైలు పెట్టెలో జనం అరుపులు తెలీవు. చంటివాడిగా ఉన్నప్పుడు తాను స్నానం చేయించినవాడి మాట మీద మరిది ప్రాణం ఆకాశంలోకి వదలడానికి ఆమె మనసు ఒప్పలేదు.

అందుకని శనివారాల్లో షెడ్డు తెరవగానే దీపాన్ని పసుపుకు మార్చేది. కాసేపు బూస్టు తగలనిచ్చి, వచ్చేముందు మళ్ళీ పచ్చ చేసేది, టోని చూస్తే బాధపడతాడని. చెవి ఆనిస్తే నల్లపెట్టెలో ఏ చప్పుడూ లేదు. ఆదివారాలు ఇంజిను ఇట్టే అందుకునేది. అది తన బూస్టు మహిమే అనుకుంది సూసన్న. ఒకసారి టోని, దాన్నేం ముట్టుకోవడం లేదు కదా అని అడిగితే, తుడిచినానంతే అని చెప్పింది.

ఆ ఏడు వేసవిలో విల్‌ఫ్రెడ్‌కు గట్టి పరీక్ష వచ్చింది. కలకత్తా నుంచి పరీక్షాధికారి వచ్చి విమానాన్ని చూసి, అతని పక్కన కూర్చుని ఎగిరి, అనుమతి పొడిగించాలి. ఈ వయసులో అనుమతి ఒక్కసారి తెగితే డాక్టరు పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి. విల్‌ఫ్రెడ్ గుండెతో వాటిని దాటడం కుదరదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఆ ఆదివారం గడిస్తే ఇంకో రెండేళ్ళు ఎగురుతాడు. లేకపోతే ఇక లేదు.

ముందురోజు శనివారం సూసన్న మామూలుకన్నా పెందలాడే షెడ్డుకు వెళ్ళింది. దీపం పసుపు చేసి, రెక్కల మీద దుమ్ము దులుపుతుంటే ఫోను మోగింది. అన్నమ్మ. ఇద్దరూ ఒకే సెక్షనులో ఆసిడ్ డబ్బాలు మోసినవాళ్ళు. అన్నమ్మ క్వార్టరు ఖాళీ చేసి విజయనగరం వైపు చెల్లెలి దగ్గరకు పోతోంది, మళ్ళీ రాదు. సాయంత్రం బండి అనుకున్నది టిక్కెట్టు కుదరక మధ్యాహ్నం బండికి మారిందట. సూసన్న గుడ్డ అక్కడే పడేసి, షెడ్డు తాళం వేసి, దారిలో దొరికిన టోటో ఎక్కింది.

ప్లాట్‌ఫారం మీద వీధంతా ఉంది. అన్నమ్మ ఏడవలేదు, అందరి పిల్లల పేర్లూ అడుగుతూ కూర్చుంది. బండి కదిలాక సూసన్న కిటికీ పట్టుకుని నడిచింది, వేళ్ళు జారేదాకా నడిచింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అప్పుడు గుర్తొచ్చింది పసుపు దీపం. వెనక్కి వెళ్దామా అనుకుంది. కాళ్ళు పీకుతున్నాయి, పొద్దు వాలుతోంది. ఒక్క పూట బూస్టు ఎక్కువ తగిలితే ఏటి, రేపటికి ఇంకాస్త బలమే అని సర్దుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

పొద్దున్నే ముగ్గురూ సాలువా వెళ్ళారు. విల్‌ఫ్రెడ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అతనే ముందు వెళ్ళి షెడ్డు తలుపులు తీశాడు. పరీక్షాధికారి కారులో వచ్చాడు, మర్యాదస్థుడు, బెంగాలీలో అందరికీ నమస్కారం పెట్టాడు. షెడ్డులో తియ్యగా, ముక్కు మండించేలా ఏదో వాసన. విల్‌ఫ్రెడ్ సీటులో కూర్చుని మీట నొక్కాడు. పంఖా సగం తిరిగి ఆగింది. మళ్ళీ నొక్కితే కదల్లేదు. రేడియో దీపాలు ఒకసారి వెలిగి ఆరిపోయాయి.

పరీక్షాధికారి వంగి సీటు వెనక చూశాడు. నల్లపెట్టె పక్కలు ఉబ్బి, మూలన పగిలింది. చెయ్యి దగ్గర పెట్టి వెంటనే తీసేశాడు. ఇది గాల్లో ఉండగా జరిగి ఉంటే మీ వీపు వెనక నిప్పు అయ్యేది దాదా అన్నాడు విల్‌ఫ్రెడ్‌తో. ఈ రకం బ్యాటరీ ఎవరు పెట్టారని అడిగాడు. టోని తానేనన్నాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. ఎగరడం లేదనీ, ఈ విమానానికీ ఈ పైలట్‌కూ తాను సంతకం పెట్టలేననీ చెప్పి, క్షమించమన్నట్టు చేతులు జోడించి కారెక్కాడు.

విల్‌ఫ్రెడ్ కారు వెనకాలే రన్‌వే చివరిదాకా నడిచాడు. అప్పుడు టోని గోడ దగ్గరకు వెళ్ళడం సూసన్న చూసింది. వాడు కంట్రోలరు ముందు నిలబడ్డాడు. పసుపు దీపం. వాడు ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే ఆమె భరించలేకపోయింది. నోరు తెరిచేలోగా వాడు బొత్తం నొక్కి పట్టుకున్నాడు. దీపం పచ్చ అయింది.

ఇంటికొచ్చాక విల్‌ఫ్రెడ్ మొదలుపెట్టాడు. పెద్దగా అరవలేదు. ఇస్త్రీ చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుతూ అన్నాడు.

"నీ డిప్లొమా నా మీద పరీక్ష సేసుకున్నావురా. బొమ్మలాట అని ఆ రోజే సెప్పినాను. నాకు మిగిలిందొక్కటే. అదీ నీ సేతిలో పోనాది."

టోని బల్ల మీద కూర్చుని షూ లేసులు విప్పుకుంటున్నాడు. సూసన్న వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈ ఇంట్లో తన చోటు ఈ మాటతో పోతుందని ఆమెకు తెలుసు. అయినా అంది.

"ఆడు కాదు విల్‌ఫ్రెడూ. నానే సేసినాను. శనివారం శనివారం బూస్టు పెట్టినాను. నిన్న పెట్టి మరిసిపోనాను."

విల్‌ఫ్రెడ్ ఆమెకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత నవ్వులాంటిది ఒకటి నవ్వి, సర్వీసంతా ఒక్క దీపం ఆరనివ్వని మనిషివి, నువ్వలాంటి పని చేస్తావా అన్నాడు. పెంచిన ప్రేమ కొద్దీ వాణ్ణి వెనకేసుకు రావద్దన్నాడు. ఆమె దీపం రంగు చెప్పింది, బొత్తం ఎలా నొక్కాలో చెప్పింది. అతను చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు.

"నువ్వూరుకో వదినా. ఇది నాకూ ఆడికీ మజ్జన."

టోని అప్పుడు లేచాడు. ఆ సాయంత్రమే బట్టల సంచీతో హిజ్లీ వెళ్ళిపోయాడు. క్యాంపస్ గేటు బయట స్నేహితుడి గదిలో దిగాడు. ఎంత దూరమని? మధ్యలో పూరీ గేటు రైల్వే క్రాసింగు ఒక్కటే. సైకిలు మీద పోయే దూరం.

సూసన్న వారం ఆగి వాడి దగ్గరకు వెళ్ళింది. ఉల్లికారం పెట్టి వేయించిన వంకాయలు, అన్నం పట్టుకెళ్ళింది. వాడు తిన్నాడు. ఆమె బతిమాలింది. దీపం నువ్వు చూశావు, నాన్నకు ఒక్క మాట చెప్పు, నా మాట నమ్మకపోయినా నీ మాట నమ్ముతాడేమో అంది. టోని కంచంలో చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. తండ్రి ఒక్కసారి, ఇది నువ్వు చేశావా అని అడిగి ఉంటే చెప్పేవాడినన్నాడు. అడగలేదు, అనుకున్నాడంతే. చెబితే ఆమె ఎక్కడ ఉంటుందని కూడా అనిపించిందట.

"నా గురించి నువ్వాలోసించకు. నీ సంగతి సెప్పు."

వాడు చెయ్యి తుడుచుకున్న తువ్వాలు మడతపెట్టాడు.

"నాన్నకి నామీద నమ్మకం లేదని నాకెప్పుడూ తెలుసు పెద్దమ్మా. నీక్కూడా లేదని ఆ దీపం సూసినాకే తెలిసింది."

సూసన్నకు కాదనడానికి లేదు. గిన్నెలు సర్దుకుని లేచింది. బయలుదేరుతుంటే వాడు మళ్ళీ మెత్తబడి, నాన్న మొండివాడే కానీ చెడ్డవాడు కాదని, ఎప్పుడో ఒకప్పుడు ఆయనకే అసలు సంగతి తెలుస్తుందని, తెలిసిన రోజు ఆయనే వస్తాడని అన్నాడు. అంతవరకు తాను వెళ్ళనన్నాడు. వాడు ఆ మాట అన్న తీరు చూస్తే రోజూ గుమ్మం వైపు చూస్తున్నవాడిలా ఉన్నాడు.

వానలు పడ్డాయి. విల్‌ఫ్రెడ్ విమానాన్ని ఒడిశా నుంచి వచ్చిన ఎవరికో విడిభాగాలుగా అమ్మేశాడు. ఆదివారాలు ఏం చెయ్యాలో తెలీక ఇంటి ముందు కుర్చీ వేసుకుని పొద్దంతా కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం పెడుతూ సూసన్న మళ్ళీ ఎత్తింది. నన్ను నమ్ము, నీ కాళ్ళు పట్టుకుంటాను, పిల్లాణ్ణి పిలువు అంది.

విల్‌ఫ్రెడ్ ముద్ద కలపడం ఆపాడు.

"నాకు తెల్సు వదినా."

ఆమెకు అర్థం కాలేదు.

"ఆ రోజు తలుపు తీసినప్పుడే సూసినాను, పసుపు దీపం. అదేటో బ్యాటరీ పగిలినాకే తెలిసినాది. ఆడు మార్సడం కూడా దూరంనుంచి సూసినాను."

"మరేటి? తెలిసి ఆణ్ణన్నావా?"

అతను కంచంలోకి చూస్తూ చెప్పాడు. ఆ రోజు ఎవరో ఒకరిని అనకపోతే ఊపిరాడలేదట. ఆమెను అంటే ఎక్కడికి పోతుంది, అన్న పెళ్ళాం, ముసలిది, ఎవరున్నారు. వాడైతే మగపిల్లాడు, తండ్రి అన్న మాట తట్టుకుంటాడు, నాలుగు రోజులుండి వస్తాడు అనుకున్నాడట. ఇప్పుడు తానే వెళ్ళి పిలుద్దామంటే ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి.

సూసన్న గరిటె గిన్నెలో పెట్టింది. ఇన్నేళ్ళూ ఈ ఇంటికి తాను ఆసరా అనుకుంది. వీళ్ళిద్దరి కళ్ళకూ తాను పోవడానికి చోటులేని మనిషి. ఆమె తప్పు కూడా ఆమెకు దక్కనివ్వకుండా ఇద్దరూ కలిసి మోశారు, మోస్తూ ఒకళ్ళనొకళ్ళు పోగొట్టుకున్నారు.

"నాకు పింఛనొస్తాది విల్‌ఫ్రెడూ," అంది. "పొమ్మనుంటే పోయుండేదాన్ని."

అతను ముద్ద మళ్ళీ కలపసాగాడు. మజ్జిగ కావాలా అంటే వద్దన్నాడు.

నెలాఖరుకు ఆమె ఊళ్ళోనే ఝాపేటాపూర్‌లో ఒక బెంగాలీ దీదీ ఇంటి వెనక గది అద్దెకు తీసుకుంది. విల్‌ఫ్రెడ్ వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. ట్రంకు పెట్టె టోటోలో ఎక్కించడానికి మాత్రం లేచి వచ్చాడు. తాను ఆ ఇంట్లోంచి తొలగితే టోనికి రావడానికి అడ్డు ఉండదని సూసన్న ఆశ. ఆ ఆశతోనే గది కడుక్కుంది, పొయ్యి పెట్టుకుంది, టోనికి ఫోను చేసింది.

వాడు ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చాడు. గదిలో బల్బు హోల్డరు ఊగుతుంటే స్టూలెక్కి విప్పాడు. పెంచిన పిల్లవాడు తన గదిలో నిలబడి ఉంటే సూసన్నకు కడుపు నిండినట్టయింది. టీ పెడుతూ మాట్లాడింది. ఇంక భయం లేదు, నేను వచ్చేశాను, నువ్వు నాన్న దగ్గరకు వెళ్ళొచ్చు అంది. ఆయన నీమీద కోపంగా లేడు అంది. ఆయనకు ఆ రోజే తెలుసట, పసుపు దీపం తానే చూశాడట, నువ్వు మార్చడం కూడా చూశాడట, నాతోనే చెప్పాడు అంది. తండ్రికి కొడుకు నిర్దోషి అని తెలుసునన్న కబురు కన్నా మంచి కబురు ఏముంటుందనుకుంది ఆమె.

స్టూలు మీద నిలబడ్డ టోని చేతులు ఆగిపోయాయి.

"ఆ రోజే తెలుసా?"

"ఆ. తలుపు తీసినప్పుడే సూసినాడంట."

వాడు స్క్రూ బిగించడం పూర్తిచేశాడు. దిగాడు. స్టూలు గోడవారకు జరిపాడు.

"తెలీక అన్నాడనుకున్నాను పెద్దమ్మా," అన్నాడు. "తెలిస్తే వస్తాడని కూకున్నాను."

ఆమె చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. తాను ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. ఏదో ఒకటి అనాలని వెతుక్కుంది. ఊపిరాడక అన్నాడురా, నామీద జాలితో అన్నాడురా అంది. వాడు ఆ మాటలు విన్నాడు. ఒక్కటీ కాదనలేదు. గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుని, నిలబడే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. స్విచ్చి వేసి బల్బు వెలుగుతోందో లేదో చూసుకున్నాడు.

ఆ తరువాత కూడా టోని నెలకోసారి వచ్చేవాడు. బియ్యం, మందులు తెచ్చి పెట్టేవాడు, ఆమె ఒంట్లో ఎలా ఉందో అడిగేవాడు. తండ్రి పేరు మళ్ళీ ఎత్తలేదు. అడిగే ధైర్యం ఆమెకు రాలేదు.